అక్క తిప్పిన బకిల్

సైనికుల పాత బెల్టు బకిల్ అసలుదో నకిలీదో తెలియాలంటే ముందు దాన్ని వెనక్కి తిప్పి చూడాలి. ముందు వైపు సింహాలూ, తుపాకులూ, కిరీటాలూ ఉంటాయి. నకిలీలు చేసేవాడు తన తెలివంతా అక్కడే ఖర్చు పెడతాడు. వెనక వైపు ఎవరు చూస్తార్లే అనుకుంటాడు. కానీ నిజంగా ఓ మనిషి ఏళ్ళ తరబడి పెట్టుకు తిరిగిన బకిల్ వెనక వైపే అరుగుతుంది, పొట్టకి రాసుకుని రాసుకుని. కొక్కెం లోపలి అంచు సన్నబడుతుంది. అదే అచ్చులో పోసిన కొత్తదైతే అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుంది. ఆకురాయితో ఎంత అరగదీసినా పూర్తిగా పోదు. కంటికి కనబడకపోయినా గోటికి తగులుతుంది.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు. మా ఆయనకి పాత సైనిక సామాన్ల కొట్టు ఉంది. బకిళ్ళు, బ్యాడ్జీలు, సొట్టలు పడ్డ హెల్మెట్లు, అలాంటివన్నీ. నేను ఆయనకి రెండో భార్యని. మొదటావిడ జబ్బుచేసి పోయింది. నేనావిడ మొహం కూడా చూడలేదు, అయినా అక్క అనే అంటాను, అలాగే అనాలన్నారు. కొట్లో అడుగు పెట్టిన ప్రతివాడూ నన్ను ఎగాదిగా చూసి, "ఆవిడ గోరు పెట్టి చెప్పిందంటే ఇక తిరుగుండేది కాదమ్మా" అనేవాడు. నేనిచ్చిన మంచినీళ్ళు తాగుతూ ఆవిడ మాటే! పైకి నవ్వేదాన్ని. లోపల కుతకుతా ఉడికిపోయేదాన్ని.

పోయిన మనిషే కదా, పోనీలే అనుకుందును. ఆవిడ పోతే కదా!

కొట్టు వెనక కిటికీ లేని చిన్న గది ఉంది. అక్క పనిచేసిన బల్లా కుర్చీ ఇంకా అక్కడే ఉన్నాయి. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచిన చెక్క ట్రే ఒకటి. మా ఆయనకి ఏ బకిల్ మీదైనా అనుమానం వస్తే, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చే ముందు దాన్ని ఆ ట్రేలో ముందు వైపు పైకి ఉండేట్టు పెట్టి, గదికి తాళం వేసేవాడు. తిరిగి వెళ్ళి తాళం తీసేసరికి అసలువి పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. నకిలీవి మాత్రం బోర్లా తిరిగి ఉండేవి.

పెళ్ళయిన కొత్తలో ఆయనే తిప్పి నాటకాలాడుతున్నాడేమో అనుకున్నాను. ఓ రోజు నేనే తాళం వేసి, చెవి గుప్పిట్లో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఇద్దరం కలిసే తిన్నాం, కలిసే వెళ్ళాం. తలుపు తీస్తే ట్రేలో ఒకటి బోర్లా పడుంది.

ఇంకొకతైతే కెవ్వుమని పుట్టింటికి పరిగెత్తేది. నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆయన ఆ బకిల్‌ని రెండు అరచేతుల్లోకీ తీసుకుని, దాని వంక చూసి చిన్నగా నవ్వాడు. అలాంటి నవ్వు నా వైపు ఒక్కసారైనా రాలేదు. చచ్చాక కూడా ఇంత పెత్తనమా, పైగా ఇంత గారాబమా!

పంతం పట్టాను. భూతద్దం కొనిపించుకున్నాను. పాత ఇత్తడికి పట్టిన చిలుముకీ, యాసిడ్ పోసి తెప్పించిన చిలుముకీ రంగులో తేడా ఏమిటో, పాత టంకం ఎలా ఉంటుందో, కొత్త టంకం ఎలా మెరుస్తుందో, అసలుదాని మీంచి తీసిన అచ్చులో పోస్తే బకిల్ కొలతలో వెంట్రుకవాసి ఎందుకు తగ్గుతుందో అన్నీ నేర్చుకున్నాను. వంటింట్లో కూర మాడిపోతున్నా బకిల్ వదిలేదాన్ని కాదు. "నీకెందుకే ఈ తంటా?" అనేవాడాయన. ఎందుకో చెబితే అర్థమయ్యే మనిషైతే ఆ మాట అడగడు కదా.

ఓ వర్షాకాలం పొద్దున కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన వచ్చాడు. మా కొట్టుకి పాత ఖాతాదారే. జేబురుమాల్లోంచి ఒక బకిల్ తీసి గాజుబల్ల మీద పెట్టాడు. వాళ్ళ తాత యుద్ధంలో పెట్టుకున్నదట. అవునో కాదో తేలితే తప్ప మనసు కుదుటపడదు అన్నాడు.

ఈసారి ఆయనకంటే ముందు నేనే అందుకున్నాను. అంచు చుట్టూ గోరు తిప్పాను. ఎక్కడా తగల్లేదు. వెనక వైపు నున్నగా, మధ్యలో కొంచెం పల్లంగా అరిగి ఉంది. కొక్కెం సన్నబడింది.

"అసలుదేనండీ," అన్నాను గట్టిగా.

కళ్ళజోడాయన నా మొహం చూడలేదు. మా ఆయన మొహం చూశాడు. మా ఆయన బకిల్ తీసుకుని వెనక గదిలోకి నడిచాడు. నలుగురిలో చెంప మీద కొట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

భోజనాలయ్యాక వచ్చి తలుపు తీశాం. బకిల్ బోర్లా ఉంది.

"అక్క కాదంటోంది కదే," అన్నాడాయన.

"నేను అవునంటున్నాగా!"

"నువ్వు బాగానే నేర్చుకున్నావు. కాదనను. కానీ అక్క అక్కే."

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో! ఆయన్ని బయటికి నెట్టేశాను. "సాయంత్రం ఆ పెద్దమనిషి వచ్చేలోపు ఇవాళ ఆవిడో నేనో తేల్చుకుంటాను," అని లోపల గడియ పెట్టుకున్నాను.

వెళ్ళి అక్క కుర్చీలో కూర్చున్నాను.

గదిలో ఇత్తడి వాసన. పాలిష్ వాసన. వాటి కింద ఇంకేదో, మాత్రల సీసా మూత తీసినప్పుడు వచ్చే చేదు వాసన. పైన రేకుల మీద వాన మొదలైంది. కాసేపటికి బల్బు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. కిటికీ లేని గది కదా, పట్టపగలే కళ్ళు పొడుచుకున్నా కనబడనంత చీకటి. తలుపు అవతల ఆయన దగ్గడం వినబడింది. లేచి వెళ్ళిపోవచ్చు. వెళితే ఆవిడే గెలిచినట్టు.

తడుముకుని బకిల్‌ని సరిగ్గా తిప్పి పెట్టాను. దాని మీద అరచెయ్యి ఆనించి, బరువంతా వేశాను.

"ఇప్పుడు తిప్పు, చూద్దాం," అన్నాను.

వాన. వాన చప్పుడే.

తర్వాత... ఇంకో చప్పుడు. చాలా చిన్నది. ఇత్తడి మీద గోరు గీస్తున్న చప్పుడు.

నా చెయ్యి కదల్లేదు. నా గోరు కాదు అది.

అరచేతి కింద బకిల్ చల్లబడుతోంది... ఇంకా చల్లగా... వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఆ గోరు బకిల్ అంచు చుట్టూ తిరిగి, ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి బకిల్ మీద కాదు.

నా మణికట్టు మీద.

మెల్లిగా పైకి వచ్చింది. చెయ్యి అంచు వెంబడే... మోచెయ్యి... భుజం... మెడ. దేన్నో వెతుకుతున్నట్టు, కాస్త పోయి ఆగి, కాస్త పోయి ఆగి. చెవి వెనక్కి వచ్చింది. దవడ అంచు పట్టుకుని గడ్డం దాకా గీసింది.

చెవి పక్కన గుసగుస. "అతుకు ఎక్కడుంది చెల్లీ?"

చచ్చేంత భయంలోనూ ఆ మాటకి కడుపు రగిలిపోయింది.

"నాకు అతుకులేమీ లేవు. నేనూ పెళ్ళాన్నే... దొంగతనంగా రాలేదు."

గోరు ఆగింది.

"అది అసలుదే," అన్నాను. "నీకూ తెలుసు."

గుసగుస ఇంకా దగ్గరగా వచ్చింది...

"అసలుదే."

"మరి ఎందుకు తిప్పావు?"

"నువ్వు ముందే చెప్పేశావుగా."

ఏం చెప్పను! ఆ గొంతులో ఉన్నది నాకు కొత్త కాదు. ఇన్నాళ్ళూ నేను నవ్వు కింద దాచుకున్నది అదే. ఆవిడా నన్ను చూసి ఏడుస్తోంది. నేను కూర్చునే చోటు చూసి, నేను వండిపెట్టే మనిషిని చూసి కుళ్ళిపోతోంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. నవ్వాను కూడా.

నవ్వు సగంలో ఉండగానే ఎడమ చేతిలోకి చన్నీళ్ళు పోసినట్టయింది. మునివేళ్ళ దగ్గర మొదలై మోచెయ్యి దాకా నిండింది.

కరెంటు వచ్చింది. ఆయన తలుపు బాదుతున్నాడు. గదిలో నేనొక్కదాన్నే.

గడియ తీశాను. కళ్ళజోడాయన అప్పటికే వచ్చి ఆయన వెనక నిలబడి ఉన్నాడు. నేను బకిల్ ఎత్తి చూపించి, "అసలుదే. ఇదిగో, అంచు చూడండి," అని గోరు తిప్పి చూపించాను. మా ఆయన బకిల్ చూడలేదు. నా చెయ్యి చూశాడు. ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"అసలుదే సార్," అన్నాడు వెంటనే. "మా ఆవిడ చెప్పిందంటే ఇక తిరుగులేదు."

ఆ మాట కోసం నేను ఎన్నాళ్ళు కాచుకున్నానో! ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కళ్ళజోడాయన బకిల్‌ని జేబురుమాల్లో చుట్టుకుంటూ, "మీరు కూడా ఆవిడలాగే ఎడమచేతి వాటమేనా అమ్మా?" అన్నాడు.

కాదు. నేను రాసేది, తినేది, తిక్కరేగితే గరిటె విసిరేది, అన్నీ కుడి చేత్తోనే.

ఆ రోజు తర్వాత ట్రే అవసరం రాలేదు. ఏది వచ్చినా ఆయన నా ముందే పెడతాడు. నేను కాదంటే కాదు, అవునంటే అవును. పక్కనే కూర్చుని, "ఇంకోసారి గీసి చూపించవూ," అంటాడు, అప్పుడే పెళ్ళయినవాడిలా. నేను కుడిగోటితో గీస్తే మొహం తిప్పుకుంటాడు. ఎడమగోటితో గీస్తే ఆ నవ్వు వస్తుంది, నేను కళ్ళలో నిప్పులు పోసుకుని చూసిన ఆ నవ్వే.

నిన్న ఆదివారం. తిన్నాక కాసేపు నడుం వాల్చాం. ఆయన నా ఎడమ పక్కకి చేరి, ఆ చెయ్యి తీసుకుని గుండెల మీద పెట్టుకున్నాడు. కుడి చెయ్యి ఊరికే పరుపు మీద పడుంది. ఇక పట్టలేకపోయాను.

"ఏమండీ... ఎవరి చెయ్యనుకుని పట్టుకున్నారు?"

ఆయన అప్పటికే నిద్రలోకి జారుతున్నాడు. నాకు వెక్కి వెక్కి ఏడవాలనిపించింది. వేళ్ళు విడిపించుకుని అటు తిరిగి పడుకుందామని చెయ్యి లాగాను.

చెయ్యి రాలేదు. ఆయన పట్టు ఎప్పుడో సడలిపోయింది, వేళ్ళు వదులుగా ఉన్నాయి. పట్టుకున్నది ఆ ఎడమ చెయ్యే. ఆయన వేళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంది.