టాపెట్లు బిగిసిన సాయంత్రం

జపాన్‌లో మా హిమి రేవులో నా అంత చెవి ఉన్నవాడు పుట్టలేదు. వీధి చివర పోయే కారుకి ఇంజనులో ఏ టాపెట్ వదులై మోగుతోందో పక్క మీంచే చెప్పేవాణ్ణి. చేపల బజారులో ఎవర్నైనా అడగండి, నవ్వుతారు గానీ కాదనరు.

అలాంటి నన్ను తొమోయె గారు వెక్కిరించేది.

"కురమోచి గారూ, మీ పాత కారొస్తుంటే మాజాంగ్ ఆటలో బిళ్ళలు గలగలా కలిపినట్టుంటుంది. మా ఆయనది చూడండి, పిల్లి నడిచినట్టు!"

ఆ మాటకి ఇన్నేళ్ళూ నా కడుపు మండుతూనే ఉంది. ఆ ఆయన నా స్నేహితుడు ఇసురుగి. ఇద్దరం ఒకే ఏడు ఒకే రకం కార్లు కొన్నాం. వాడూ తక్కువవాడు కాదు. తన కారు ఆగిపోయిన రోజు జడివానలో భార్యని నడిపించుకుపోయాడు గానీ నా కారు ఎక్కనివ్వలేదు.

ఈ శరత్తులో వాడు పోయాడు. నలభై తొమ్మిదో రోజున అస్థికల కుండని కొండ మీద సమాధిలో పెట్టాలి. అందాకా పోయినవాడు తన ఇంటి చూరు వదలడంటారు మావాళ్ళు. కొండకి తీసుకెళ్ళమని తొమోయె గారు నన్నే అడిగింది. నన్నే! ముందురోజే కుండ తెచ్చి కారులో పెట్టేస్తానన్నాను.

"నలభై తొమ్మిది నిండకుండా ఇవాళే ఇల్లు దాటించొచ్చా?" అందావిడ.

"నేనున్నాగా!" అన్నాను.

కుండని వెనక సీట్లో పెట్టి, మా షెడ్డులో ఇంజను కవర్ విప్పాను. మర్నాడు ఆవిడకి ఆ మాజాంగ్ మోత వినబడకూడదు. బయట వాన. షెడ్డు నిండా ఎండు చేపల వాసన. పానాతో ఇంజనుని తిప్పాలి, వాల్వ్ మూసుకున్న చోట ఆపాలి, టాపెట్ సందులో కొలత రేకు దూర్చాలి. రేకు కాస్త పట్టుకుని జారాలి. మొదటిది సరిచేసి నట్టు బిగించాను. రెండోది కూడా అయ్యాక మొదటిదాన్ని మళ్ళీ చూశాను.

రేకు దూరలేదు.

వదులు చేశాను. మళ్ళీ బిగిసింది. ఇంకోసారి చేశాను. మళ్ళీ...

వాసన మారింది. చేపలు కాదు. అగరొత్తి.

పానా దానంతటదే తిరిగింది. నా చెయ్యి దాని మీద లేదు.

"ఒరేయ్ ఇసురుగీ..." గొణిగాను. "పోయాక కూడా కుళ్ళేనా?"

వెనక సీటు స్ప్రింగు కిర్రుమంది.

"ఆ వానలోనూ నాతో వచ్చింది... నాతోనే..." వాడి గొంతే.

పులిలాంటివాణ్ణి, పారిపోతానా? నిదానంగానే బయటికొచ్చాను. ఒక చెప్పు మాత్రం లోపలే ఉండిపోయింది.

తెల్లారేసరికి ఇంజను కవర్ బిగించి ఉంది. నేను బిగించలేదు. స్టార్ట్ చేస్తే చప్పుడే లేదు. తొమోయె గారు కుండ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది.

"అచ్చం ఆయన కారులాగే ఉందండీ."

అంత భయంలోనూ నా ఒళ్ళు మండింది. అప్పుడు కూడా వాడి కారేనా?

కుండని సమాధిలో పెట్టేశాం. తిరిగి వెళ్ళడానికి ఆవిడ కోసం తలుపు తీశాను. ఖాళీ వెనక సీటు వైపు చూసింది. నడుం వంచి నమస్కరించింది. రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను బస్సులో వస్తాను," అంది చిన్నగా. "ఆయన్ని దింపెయ్యండి."

ఎక్కడ దింపను? వాళ్ళింటి ముందు కారాపి, తలుపు తీసి, చాలాసేపు నిలబడ్డాను. ఎవరూ దిగినట్టు అనిపించలేదు.

వాడు బిగించిన టాపెట్లు మళ్ళీ సరిచెయ్యాలి. ఇంజను పూర్తిగా చల్లారితే గానీ కొలత కుదరదు. తాళంచెవి ఆరోజే తీసి దాచాను. వారాలైంది, కారు కదల్లేదు. కొండ మీద మంచు కూడా పడింది.

రోజూ పొద్దున్నే ఇంజను మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను.

ఇంకా వేడిగానే ఉంది...