ఊపిరుండగా విప్పిన బండి

సాయంత్రం నుంచీ మబ్బు పట్టి ఉంది. బావ లేతు షెడ్డులో పెయింటర్ ఒక్కడే స్టూలు మీద కూర్చుని, ఏ పనీ తోచక, శుభ్రంగా ఉన్న స్పార్క్ ప్లగ్గునే మళ్ళీ గుడ్డతో తుడుస్తున్నాడు. లేతు మిషన్ మీద దుమ్ము పేరుకుంటోంది. కటింగ్ ఆయిలు, తుప్పు, ఇనుపరజను, ఈ మూడు వాసనలూ కలిస్తే బావ. అక్క పెళ్ళైన దగ్గర్నుంచీ అతని ముక్కుకి బావంటే ఇదే వాసన.

ఆ బావ ఇప్పుడు పైగదిలో మంచం మీద ఉన్నాడు. మెదడులో నరం చిట్లిందన్నారు, పక్షవాతమన్నారు, చివరికి "ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆ మాటకి అర్థం ఎవరికైనా తెలుస్తుంది. మాట లేదు, చూపు లేదు. ఊపిరి మాత్రం పీలుస్తున్నాడు, అదీ మొహమాటానికి పీలుస్తున్నట్టు.

షెడ్డులో రెండు బళ్ళున్నాయి. ఒకటి బావది, ఒకటి పెయింటర్‌ది. రెండూ జోడు గొట్టాల బళ్ళే. ఒక్క సిలిండరు, రెండు సైలెన్సర్లు, గుమ్మడికాయంత ట్యాంకు. ఆ మోటారు సైకిళ్ళు తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఒకప్పుడు ఊళ్ళో ఈ బండి ఉన్నవాళ్ళంతా ఆదివారం పొద్దున్నే ఇక్కడే చేరేవారు. డ్రిల్ మాస్టారు, సినిమా హాలు ఆపరేటరు, బీమా ఏజెంటు, ఇంకా కొందరు. వయసులకీ ఉద్యోగాలకీ పొంతన లేదు, బండే వాళ్ళ చుట్టరికం. వీధి వీధంతా పొగ కమ్మేసేది. "అది నాకు సవతి! నాకంటే ముందే ఈ ఇంటికొచ్చింది. దానికి రోజూ నూనె, నాకు ఏడాదికో చీర," అని సణుగుతూనే అక్క అందరికీ టీలు పోసేది.

విడిభాగాలు దొరకవు గనక వాళ్ళొక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరైనా పోతే వాళ్ళ బండిని పాత ఇనుపసామాన్లకి పోనివ్వకూడదు. మిగిలినవాళ్ళు దాన్ని విప్పి, ఎవరికి ఏది కావాలో పట్టుకెళ్ళాలి. పెయింటర్ బండిలో పిస్టన్ డ్రిల్ మాస్టారిది. క్లచ్ ప్లేట్లు ఆపరేటర్‌వి. కార్బురేటర్ బీమా ఏజెంటుది.

"నీది బండి కాదురా రంగులోడా, నడిచే శ్మశానం," అని బావ ఎకసెక్కాలాడేవాడు.

"నువ్వు కూడా తొందరపడితే హెడ్‌లైటు మార్చుకుంటా బావా," అనేవాడు ఇతను. బావాబావమరుదులు అలా అనుకోకపోతే ఇంకెవరనుకుంటారు!

ఆ కట్టుబాటుకి ఇంకో కొస ఉంది. అది డ్రిల్ మాస్టారు పెట్టింది. మనిషికి ఊపిరుండగా అతని బండిలోది తీసుకోవడానికి ఇంకొకళ్ళు పానా పెట్టకూడదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ తప్పలేదు.

ఒక్కొక్కరే పోయారు. పోయిన ప్రతివాళ్ళనీ విప్పుకుంటూ, పంచుకుంటూ వచ్చారు. ఆఖరికి మిగిలింది బావా, పెయింటరూ. బావ కూడా పోతే ఈ బండి గురించి మాట్లాడ్డానికి లోకంలో తనకో మనిషుండడు. పెళ్ళీ పెటాకులూ లేనివాడు, బావ తప్ప దిక్కులేనివాడు. ఆ భయం అతన్ని లోపల్లోపల తొలిచేస్తోంది. బావ లేవాలి. అంతకుమించి అతనికింకేమీ వద్దు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అక్క వచ్చింది. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఒరేయ్ తమ్ముడూ, ఎంత మొద్దునిద్రలో ఉన్నా వీధి చివర మీ బళ్ళ చప్పుడు వింటే మీ బావ టక్కున లేచి కూర్చునేవాడు కదరా. ఒక్కసారి కిటికీ కింద స్టార్ట్ చెయ్యరా. లేస్తాడేమో."

"నా బండి కాయిల్ కాలిపోయిందక్కా. నిప్పే రావట్లేదు."

"మరి ఆయనది?"

బావ బండి ఇంజన్ విప్పి ఉంది. పడిపోయిన రోజు పొద్దున అరిగిన సిలిండరు లోపల తొలిచి బోరు చేసుకుందామని తనే విప్పుకున్నాడు. అది కదలదు. కానీ దాని కాయిల్ నిక్షేపంలా ఉంది.

పెయింటర్ చూపు అటు పోవడం అక్క కనిపెట్టింది. "అందులోది తీసి నీ దాంట్లో పెట్టలేవూ?"

"పెట్టగలను. కానీ... మా కట్టుబాటు తెలుసుగా."

"బతికుండగా తియ్యకూడదు, సరే. బతికించడానికి తీస్తే?"

పెయింటర్ స్టూలు మీంచి లేచి పానా అందుకున్నాడు.

రెండే నట్లు. అతని చేతికి చిటికెలో పని. అయినా పానా పెట్టగానే నట్టు మంచుముక్కలా తగిలి ఒళ్ళు ఝల్లుమంది. వానాకాలం కదా అనుకున్నాడు. వైరు లాగేసరికి పైన ఏదో ఆగినట్టనిపించింది. తల ఎత్తి విన్నాడు. ఏం ఆగిందో తెలియలేదు. పనిలో పడి మర్చిపోయాడు.

కాయిల్ తన బండికి బిగించి, కిటికీ కిందికి తోసుకొచ్చి, కిక్కు కొట్టాడు. అతని బండి మహా పేచీకోరు. బతిమాలితే, తిడితే, చెమటలు కక్కితే గానీ అందుకోదు. అలాంటిది మొదటి కిక్కుకే అందుకుంది.

చప్పుడు తేడాగా ఉంది. నలభై ఏళ్ళుగా విన్న చెవులకి ఆ మాత్రం తెలుస్తుంది. ధడ్‌ధడ్‌మని గబగబా కొట్టుకోవాల్సింది, నిదానంగా... బరువుగా... మేడ ఎక్కి వచ్చిన ముసలాయన ఒగర్చినట్టుగా ఉంది. పొగ కూడా పైకి లేవకుండా నేల మీదే పాకుతోంది.

పైనుంచి అక్క కేక పెట్టింది. "తమ్ముడూ! కళ్ళు తెరిచాడ్రా! రారా!"

బండిని అలాగే వదిలేసి పెయింటర్ రెండేసి మెట్లు ఎక్కాడు. గదిలో టించరు వాసన, కిటికీలోంచి వచ్చిన పొగ. దీపం చుట్టూ మసక. బావ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నిజంగా కూర్చునే ఉన్నాడు! అక్క అతని చెయ్యి పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది.

"బావా..."

"ఏరా... రంగులోడా." గొంతు బొంగురుగా వచ్చింది.

పెయింటర్‌కి కళ్ళనీళ్ళు ఆగలేదు. వంగి బావ రెండో చెయ్యి అందుకున్నాడు. అందుకుని ఉలిక్కిపడ్డాడు. చెయ్యి చల్లగా ఉంది. జ్వరం తగ్గిన చల్లదనం కాదది. రాత్రంతా బయట పడున్న ఇనుము చల్లదనం.

అప్పుడు గమనించాడు. బావ ఛాతీ లేస్తోంది... పడుతోంది. కింద ఇంజను కొట్టుకుంటోంది. రెండూ ఒకటే తాళం. ఇంజను ఒక దెబ్బ తప్పింది. బావ ఊపిరి కూడా తప్పింది. మళ్ళీ అందుకుంది. ఊపిరీ అందుకుంది.

అక్క అదేమీ పట్టనట్టే ఉంది. "మంచినీళ్ళు తాగుతారా? ఏమైనా కావాలా?" అని అడుగుతోంది.

బావ ఆమెను చూడట్లేదు. గది మూలలకేసి చూస్తున్నాడు, ఒక్కో మూలనీ.

"వీళ్ళంతా... ఎప్పుడొచ్చారు?"

"ఎవరండీ? మేమిద్దరమే ఉన్నాం."

"కాస్త జరగమను... ఊపిరాడట్లేదు... ఇరుకు." తర్వాత పెయింటర్ వైపు తిరిగాడు. ఆ కళ్ళలో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నా కాయిల్... తీశావా?"

"తీశాను బావా. నీ కోసమే."

"నేనింకా పోలేదు కదరా," అన్నాడు బావ.

అంతదాకా నవ్వుతున్న అక్క చెయ్యి వదిలేసి లేచి నిలబడింది.

"అటూ పోలేను... ఇటూ రాలేను... పట్టుకున్నారు. ఆపెయ్‌రా... నన్ను పోనీ..."

"ఆపొద్దు!" అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఆగితే ఏమవుతుందో నాకు తెలియదనుకున్నావా? నేనూ చూశాను, ఇందాక అది తప్పినప్పుడు చూశాను. ఆపావంటే నా మీద ఒట్టే!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్క ఒట్టు ఒకవైపు, బావ చూపు ఒకవైపు. చివరికి అక్క భుజాలు పట్టి మెల్లగా పక్కకి జరిపాడు. ఆవిడ అడ్డుపడలేదు. గోడకి జారి కూర్చుని, చెంగు నోట్లో కుక్కుకుంది.

కిందికి దిగాడు. తాళంచెవి మీద చెయ్యి వేశాడు. తిప్పలేకపోయాడు. తన చేత్తో బావ ఊపిరి ఆపడమంటే మాటలా? పిరికివాడిలా బండి పక్కనే చతికిలబడి, పెట్రోలే అయిపోతుందిలే అని ఎదురుచూశాడు. ట్యాంకులో ఎంతో లేదు. ఆ పాపమేదో పెట్రోలు ఖాతాలో పోతుంది.

చీకటి పడింది. సన్నగా చినుకు మొదలైంది. పెట్రోలు అయిపోయే ముందు ఈ బండి ఒక్కసారి గట్టిగా అరుస్తుంది, తర్వాత ఆగుతుంది. అరిచింది. పైన బావ కూడా అరిచాడు. పెయింటర్ కళ్ళు గట్టిగా మూసుకుని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. వెళ్ళిరా బావా.

ధడ్... ధడ్... ధడ్...

ఆగలేదు.

కళ్ళు తెరిచి ట్యాంకు మూత తీశాడు. లోపల తడి కూడా లేదు. తాళంచెవి తిప్పి లాగేశాడు. ధడ్... ధడ్... వేడెక్కితే ఈ ఇంజను ఒక్కోసారి తాళం తీసినా కాసేపు కొట్టుకుంటుంది, అందులో వింత లేదు, అని తనకి తనే చెప్పుకున్నాడు. ఇంజను మీద చెయ్యి పెట్టాడు. మంచులా ఉంది.

గబగబా కాయిల్ విప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పరుగెత్తి దాన్ని బావ బండికే తిరిగి బిగించాడు. "తప్పైపోయింది, తప్పైపోయింది" అంటూ నట్టు నట్టూ బిగించాడు. వెనక్కి చూశాడు.

బయట బండి కొట్టుకుంటూనే ఉంది. నిప్పు లేదు. పెట్రోలు లేదు. అయినా కొట్టుకుంటూనే ఉంది.

"ఆపరా..." పైనుంచి బావ. "ఆపరా... నీ కాళ్ళు పట్టుకుంటా..."

"ఆగట్లేదు బావా!" అని ఏడ్చాడు పెయింటర్. పానా తిరగేసి ప్లగ్గు ఊడదీశాడు. ధడ్‌ధడ్ పోయింది. ప్లగ్గు కన్నంలోంచి ఉఫ్... ఉఫ్... అని గాలి మాత్రం వస్తోంది. ముఖం దగ్గర పెట్టి చూశాడు. చల్లటి గాలి. పెట్రోలు వాసన లేదు. టించరు వాసన. రోజుల తరబడి మూసుకున్న నోటి వాసన.

అప్పుడే డాక్టరు వచ్చాడు. పక్కవీధి ఆయన, రోజూ ఈ వేళకి వచ్చి చూసిపోతాడు. గొడుగు ముడుస్తూ, ప్లగ్గు లేని బండినీ నేల మీద కూర్చున్న మనిషినీ వింతగా చూసి పైకి వెళ్ళాడు. బండి గురించి ఆయనకేం తెలుసు? పెయింటర్ మాత్రం ఆశపడ్డాడు. డాక్టరు కదా, ఏదో ఒక సూది వేసి బావని ఈ బాధలోంచి తప్పిస్తాడని ఆశపడ్డాడు.

ఆయన దిగేసరికి చాలాసేపు పట్టింది. మెడలో స్టెతస్కోపు అటూ ఇటూ ఊగుతోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయన గుండె కొట్టుకోవట్లేదు," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడు కాదు... ఆగి చాలాసేపైంది. కానీ... నాతో మాట్లాడాడు. కిందికెళ్ళి వినమన్నాడు."

స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, రోగి ముందు వంగినట్టే బండి ముందు వంగి, సిలిండరు మీద ఆనించాడు. కాసేపు విన్నాడు. తర్వాత వెనక్కి రెండడుగులు వేసి, దాన్ని తీసి పెయింటర్ చేతిలో పెట్టాడు.

పెయింటర్ కూడా ఆనించి విన్నాడు.

ముందు గాలి... లోపలికి... బయటికి... ఆ వెనక మాటలు. చాలామంది. కాళ్ళు చాపుకోను చోటులేని గదిలో గుసగుసలాడుకుంటున్నట్టు. డ్రిల్ మాస్టారి దగ్గు. ఆపరేటర్ పళ్ళ సందులోంచి వేసే ఈల. మధ్యలో బావ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. అతని పక్కనే కూర్చుని ఎవరో ఓదారుస్తున్నారు.

"ఏడవకు బావా... నేనున్నాగా..."

ఆ గొంతు పెయింటర్‌దే. బండి అతనిది కదా, అతనూ లోపలే ఉన్నాడు.

అతను పెదాలు బిగించుకుని, ఊపిరి కూడా పీల్చకుండా వింటూనే ఉన్నాడు. లోపల ఆ గొంతు ఇంకా ఏదో చెబుతూనే ఉంది.