తల లేని అధిపతి

బుధవారం పట్టపగలు పన్నెండు గంటలు... రాహుకాలం మొదలైంది! ఆ క్షణంలోనే కారుమేఘాలు భానుబింబాన్ని కబళించాయి. మూతబడిన ముద్రణాలయం దూలం మీద గుడ్లగూబ, తన వేళ కాకపోయినా, కర్ణకఠోరంగా కూసింది!

బట్టలు కుట్టి చెల్లెలిని పెంచిన అక్క గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. పది రోజులుగా ఆ పిల్ల తిండి మానేసి, ముసలి మగగొంతుతో మాట్లాడుతూ ఇక్కడికే నడిచి వస్తోంది. ఇవాళ అక్క వెంబడించింది. లోపల సీసపు అక్షరాల పెట్టెల మధ్య, జుట్టు విరబోసుకుని, కళ్ళు తేలేసి ఊగిపోతోంది చెల్లెలు... ఆమె ఎదుట కపాలం! దాని నుదుట నక్షత్రానికొకటి చొప్పున ఇరవై ఏడు నెత్తుటి చుక్కలు!

కపాలం వెనుక పీట మీద గళ్ళాయన. ఒకప్పుడు ఇక్కడే పంచాంగాలు అచ్చువేస్తూ, ఊరందరి జాతకాలకూ గళ్ళు గీసేవాడు. తన ఆయువు నేటితో సరి అని తన గళ్ళే చెప్పేసరికి, పాపం, పెద్దమనిషికి మింగుడు పడలేదు.

"రామ్మా, నీకోసమే చూస్తున్నా. దీని జన్మ నక్షత్రం ఏంటో రక్తసంబంధీకులే నోటితో చెప్పాలి. దాని అధిపతిని నా ఒంట్లో కూర్చోబెట్టుకుంటే, ఆ దశ ఏళ్ళన్నీ నావే! శుక్రుడికి శిరస్సు, కేతువుకు పాదం... ఎవరి చోటు వారిది. తప్పకూడదు."

"దాన్ని వదిలెయ్యండయ్యా! కావాలంటే నన్ను తీసుకోండి!"

"నీది సూర్యుడి నక్షత్రం. ఆరేళ్ళు! కేతువైతే ఏడు. ఆ చిల్లర నాకెందుకు? శుక్రుడివి ఇరవై! చెప్తావా, దీన్ని చంపమంటావా?"

చెల్లెలి చేతులు వాటంతటవే లేచి ఆమె గొంతునే నులమసాగాయి!

అక్క ప్రాణం విలవిల్లాడింది. చెల్లెలు పుట్టింది మూలా నక్షత్రంలో. మూలలో పుట్టిన పిల్ల మామగారికి గండమంటారని, పెళ్ళి కాదేమోనని హడలిపోయి, పిల్ల గంట ఆలస్యంగా, శుక్రుడి నక్షత్రంలో పుట్టినట్టు జాతకం రాయించింది అమ్మ. ఎవరడిగినా అదే చెప్పమని పోయేముందు ఒట్టు వేయించుకుంది. మూలకు అధిపతి కేతువు... చోటు తప్పితే తప్పనీ!

"పూర్వాషాఢ," అంది అక్క. ఇరవై రెండేళ్ళ అలవాటు, నాలుక తడబడలేదు.

పెళపెళమంటూ పిడుగు పడింది! గళ్ళాయన వికటంగా నవ్వుతూ చేతులెత్తాడు.

"ఈమె జన్మ నక్షత్రాధిపతీ! రా! నా శిరస్సును నీకిచ్చాను! స్వీకరించు!"

చెల్లెలి నోటినుంచి ధూమ్రవర్ణపు పొగ వెలువడింది... కాళ్ళు, మొండెం, భుజాలు... ఆపైన ఏమీ లేదు!

"కేతువు!!" గళ్ళాయన కెవ్వుమన్నాడు. "నువ్వు కాదు! నీకు పాదం..."

చెల్లెలి పెదవులు కదిలాయి. "శిరస్సు ఇచ్చానన్నావు. నాకు లేనిది అదొక్కటే."

అతడి అరుపు సగంలో తెగింది. పీట మీద మొండెం మాత్రం కూర్చునే ఉంది.

"అక్కా..." ఈసారి చెల్లెలి గొంతే, సొంత గొంతే! అక్క ఆమెను గుండెకు హత్తుకుని భోరుమంది. "నీది మూలా నక్షత్రమే తల్లీ. ఇంక ఎవరి దగ్గరా దాచను."

చెల్లెలు గుమ్మం వైపు వేలు చూపింది. వెళ్ళిపోతున్న పొగ ఆకారం వెనుదిరిగి చూస్తోంది. ఇప్పుడు దానికి ముఖముంది... గళ్ళాయన ముఖం! కళ్ళు ఇంకా బతికే ఉన్నాయి. పెదవులు చప్పుడు లేకుండా ఒక్క మాటే ఏడుస్తున్నాయి.

"ఏడేళ్ళు... ఏడేళ్ళు..."