రెండూ కలిపి

పాలగ్లాసు చేత్తో పట్టుకుని ఆయన కళ్లు మూసుకున్నాడు. నలభై ఏళ్లు చేతి గడియారాలు బాగుచేసిన మనిషికి ఇప్పుడు ఒక్క గుటక దిగడమే గగనమైపోయింది. భార్య ఆయన్ని చూసి, చెప్పులేసుకుంటున్న కోడలి వంక అనుమానంగా చూసింది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిందని తెలిసిన దగ్గర్నుంచి ఆస్పత్రి వ్యవహారమంతా కోడలిదే. కొడుకు ఓడ మీద ఉద్యోగంలో ఉన్నాడు. వారానికోసారి కీమో, వారంలో ఐదు రోజులు రేడియేషన్. ఎదురింటి పెద్దాయనకు ఒకటి అయ్యాకే రెండోది ఇచ్చారు. ఈయనకే రెండూ కలిపి ఎందుకు? అడిగితే కోడలు మాట దాటేస్తుంది. మామాకోడళ్లు గుసగుసలాడుకుంటారు, తను గదిలోకి అడుగు పెట్టగానే నోళ్లు మూతపడతాయి. ముసలాయన్ని త్వరగా వదిలించుకుందామనా? అలా అనుకున్నందుకు ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ అనుమానం వదల్లేదు.

కోడలు ట్యాక్సీ కోసం వీధిలోకి వెళ్లగానే ఆమె ఆస్పత్రి ఫైలు తెరిచింది.

"ఏం చూస్తున్నారత్తయ్యా?" గుమ్మంలోంచి కోడలి గొంతు.

"ఒకదాని తర్వాత ఒకటి కూడా ఇవ్వొచ్చని ఇందులో రాసుంది. కలిపి ఇమ్మని చెప్పిందెవరు? నువ్వేనా?"

కోడలు ఫైలు కోసం చెయ్యి చాపింది.

"ముందు చెప్పు. మనిషి సగమైపోయాడు. మీ నాన్నయితే ఇలాగే చేసేదానివా?"

"నేనే చెప్పాననుకోండి. పదండి మామయ్యా, ట్యాక్సీ వచ్చింది."

"ఆ పిల్లనేం అనకు," ఆయన బొంగురుగా అన్నాడు. "వెనక పేజీ తిప్పు."

అక్కడ, రెండూ కలిపి ఇవ్వడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం ఉంది. పొందికైన చిన్న అక్షరాలు. ఆయనవే.

"కలిపి ఇస్తే బాధ ఎక్కువ, కానీ ఇంకొన్నాళ్లు బతికే అవకాశం కూడా ఎక్కువేనన్నాడు డాక్టరు. నాకు బతకాలనుంది. నీకు చెబితే చూడలేక వద్దంటావు. నువ్వు వద్దంటే నేను ఆగిపోతాను. అందుకే నీకు చెప్పొద్దని ఈ పిల్ల చేత ఒట్టు వేయించుకున్నా."

ఆమె కోడలి వైపు తిరిగింది. "ఇన్ని వారాలూ నేనన్న మాటలన్నీ ఊరికే పడ్డావా?"

"మీ కోపం ఎవరో ఒకరి మీద చూపించాలిగా అత్తయ్యా. నా మీదైతే మామయ్య హాయిగా ఉంటారనీ..."

ఆమె కళ్లు తుడుచుకుని చెప్పులేసుకుంది. "ఇంకెన్ని రోజులు?"

"తొమ్మిది."

"తొమ్మిదికి తొమ్మిదీ నేనూ వస్తా. నువ్వు మధ్యలో కూర్చో."

ట్యాక్సీ వీధి మలుపు తిరగకముందే కోడలు ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆస్పత్రి వచ్చేదాకా ఆమె భుజం కదపలేదు.