వెన్నెలపాలెంలో గుడ్డి రెట్టింపు

ఇందులో ఒక్క అబద్ధం దొరికినా మీసం గొరిగించుకుంటాను. ముందే చెబుతున్నాను, తరవాత నన్ను నిలదీయొద్దు.

2091లో చంద్రుడి మీద వెన్నెలపాలెం అనే ఊరుండేది. రెండువందల పన్నెండు మంది జనం, వాళ్లందరి మీదా బోర్లించిన గిన్నెలాంటి గాజు డోము, ఒక క్యాంటీను. ఆదివారం టిఫిన్లయ్యాక ఆ క్యాంటీనులో పోకర్ ఆడేవారు. పందెం చింతపిక్కలు. ఓడినవాళ్లు మర్నాటి సాంబారుకు ఉల్లిపాయలు తరగాలి. చంద్రుడి మీద బరువు ఆరోవంతే కదా, చెయ్యి జారిన పేకముక్క బల్ల మీద వాలేలోపు గ్లాసెడు టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించవచ్చు.

ఆ ఆదివారం ఆటలో ముగ్గురున్నారు. గాలి ప్లాంటు చూసుకునే నూకరాజు, క్యాంటీను వంటమనిషి ఖాసింబీ, శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి. హైమవతి తన యంత్రాన్ని కూడా తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. మర్నాడు ఆ యంత్రం నమూనా భూమికి వెళుతోంది. అక్కడ ప్రతి ఆఫీసులోనూ, ప్రతి ఆస్పత్రిలోనూ పెడతారట.

దాని పేరు ఎరుకమాపకం. అరచేయంత పెట్టె, దాని మీద ఒక ముల్లు. మనిషి తనకు తెలిసిన సంగతి దాస్తున్నప్పుడు కంటిపాప, చర్మం మీది చెమట, మెడ నరం ఒకే తీరుగా మారతాయి. ఆ మూడింటినీ ఇన్‌ఫ్రారెడ్ కిరణంతో దూరం నుంచే కొలిచి, సున్నా నుంచి వంద దాకా ముల్లుతో చూపిస్తుంది. వెన్నెలపాలెంలో ముఖ్యమైన పనిచోట్ల అలాంటివి పెట్టి ఏడాదయింది. మొదటి నెల ముల్లు పూనకం వచ్చినట్టు ఊగింది. నాలుగో నెల తిరిగేసరికి ఊరంతా సున్నా.

"ఎనిమిది నెలలుగా ఎక్కడా ముల్లు కదల్లేదు," అంది హైమవతి ముక్కలు కలుపుతూ. "మనుషులు మారరంటారు గానీ, మారారు."

"మారామండి, ఆయ్," అన్నాడు నూకరాజు. ముక్కలు పంచకముందే నాలుగు పిక్కలు ముందుకు తోశాడు.

పోకర్‌లో ఇద్దరు వంతులవారీగా ముక్కలు చూడకుండా పందెం కాయడం రివాజు. ఒకరు ఒక పిక్క, రెండోవారు రెండు. ఆ తర్వాతివాడు కావాలనుకుంటే తనూ చూడకుండానే దానికి రెట్టింపు, అంటే నాలుగు కాయవచ్చు. పోకర్ వాళ్లు దాన్ని స్ట్రాడిల్ అంటారు. వెన్నెలపాలెంలో గుడ్డి రెట్టింపు అనేవారు. అప్పుడు ఎదుటివాళ్లు పందెం పెరిగింది కదాని బెదిరి మంచి ముక్కలు పారేయకూడదు, రోషానికి పోయి చెత్త ముక్కలతో వెంటపడకూడదు. మంచి జత పడేదాకా ఓపిక పట్టి, పడ్డాక ఒక్కసారిగా పెంచాలి. మిగతావాళ్లు తప్పుకుంటారు, చూడనివాడూ చూసినవాడూ మిగులుతారు. పది ఆటలు ఆడితే చూసినవాడిదే పైచేయి.

హైమవతికి రెండు రాజులు పడ్డాయి. పన్నెండు పిక్కలు పెట్టింది.

"నాకెందుకమ్మా, నేనెలాగూ రోజూ తరిగేదాన్నే," అంటూ ఖాసింబీ ముక్కలు పడేసింది.

నూకరాజు తన ముక్కల వైపు కన్నెత్తి చూడకుండానే ఇంకో ఎనిమిది పిక్కలు తోశాడు. ముల్లు సున్నా.

"చూసుకోరా నూకరాజు గారూ?"

"చూస్తే మీ మిషను పట్టేస్తది కదండీ. చూడకపోతే దానమ్మ మొగుడు కూడా పట్టలేడు."

హైమవతే గెలిచింది. పిక్కలు లాక్కుంటూ నవ్వింది. "ఈ ఎత్తు ఎక్కడ నేర్చారు?"

"డ్యూటీలోనండి."

పిక్కల మీది చెయ్యి ఆగిపోయింది. "డ్యూటీలో ఏమిటి?"

నూకరాజు టీ గ్లాసు వైపు చూశాడు. "ఆ మధ్య గాలి మీటరు వెంట్రుకవాసి తగ్గిందండి. నేనే సరిచేద్దామని రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు. మీ ముల్లు అరవైకి లేచింది. నాకు సెలవు కోసేశారు. ఆ మర్నాడే మీటరు మీద తువ్వాలు కప్పేశానండి. ఆ తర్వాత ముల్లు లెగలేదు."

"ఎన్నాళ్లయింది?"

"ఎనిమిది నెలలండి."

"ఆయనొక్కడేనా ఏంది," అంది ఖాసింబీ. "ఆస్పత్రి డాక్టరు రిపోర్టు కవర్లు చించడు. స్టోరు గుమాస్తా గోదాము తలుపు తీయడు. ఊరంతా గుడ్డి రెట్టింపే ఆడతండారమ్మా. నీకు తెలీదా?"

దాచనివాడికి సున్నా అని హైమవతి ఎప్పుడో తన పుస్తకంలో రాసుకుంది. అసలు తెలుసుకోనివాడికీ సున్నాయే అని రాసుకోలేదు. లేచి, బల్ల మీది యంత్రాన్ని చేతిలోకి తీసుకుని, గాలి ప్లాంటు వైపు పరుగెత్తింది. వెనక నూకరాజు, ఆ వెనక ఖాసింబీ.

మీటరు మీద ఎర్రగళ్ల తువ్వాలు, దాని మీద ఎనిమిది నెలల దుమ్ము. హైమవతి తువ్వాలు లాగేసింది.

ఊరికి తొమ్మిది గంటల గాలి మిగిలి ఉంది.

నూకరాజు కూలబడలేదు, ఏడవలేదు. స్పానరు తీసుకుని పైపు కిందికి దూరాడు. ఒక వాల్వులో రబ్బరు వాషరు అరిగిపోయింది. కొత్తది వేసి బిగించడానికి పావుగంట పట్టింది. పావుగంట పని. మర్నాడు యంత్రం భూమికి వెళ్లలేదు.

"వంటింట్లో మిషను ఎట్టాగూ పెట్టలేదు మీరు," అంది ఖాసింబీ చెయ్యి తుడుచుకుంటూ. "పెట్టినా నేను రుచి చూడకుండా సాంబారు దించేదాన్ని కాదులే."

ఇక మీసం సంగతి. గ్లాసెడు టీ అన్నది కొంచెం సాగదీశాను, ఒక గుటకకు మించి వ్యవధి ఉండదు. గొరిగించుకుందామంటే నాకు మీసమే లేదు, ఎప్పుడూ లేదు. అయినా అది చిన్న కోత. పూర్తిగా కల్పించింది ఒకటే ఉంది, అదీ చెప్పేస్తాను. హైమవతి తువ్వాలు లాగేసిందని రాశాను. లాగలేదు. కొస పట్టుకుని నిలబడిపోయింది. నూకరాజు గోడ వైపు తిరిగాడు. వెనకనుంచి వచ్చి ఆ తువ్వాలు తీసింది ఖాసింబీ. అప్పటికి హైమవతి కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. ఆమె రెండో చేతిలో ఎరుకమాపకం ఉంది.

ముల్లు సున్నా మీద ఉంది.