శ్లోకం ఆగిన చోట

“భానూ! ఇక్కడ భాను అంటే ఎవురమ్మా?”

షాపు మెట్టు మీద నిలబడి ఒక పెద్దాయన పిలుస్తున్నాడు. పంచె తడిసి కాళ్ళకి అంటుకుంది. నుదుటి విభూతి వానకి కారిపోయింది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ కళ్ళు చూస్తూనే తెలిసిపోయింది. సుధన్వ వాళ్ళ నాయన. బట్లహళ్ళి గుడి అర్చకుడు చిదంబరం స్వామి.

చింతామణిలో మాది చిన్న కంప్యూటర్ షాపు. ఓనరు నందీశన్న. పెళ్ళి వీడియోలకి గొంతు రికార్డు చేసేదానికి వెనక అద్దాల గది ఒకటి ఉంది. ఆ సాయంత్రం ఆషాఢం మబ్బు ఊరంతా కమ్ముకొని, లైట్లు వేసినా షాపులో మసకగానే ఉంది.

స్వామి పైపంచె ముడి విప్పి ఒక పెన్‌డ్రైవ్ తీసినాడు.

“దీంట్లో మా సుధన్వ ఉండాడప్పా” అని నందీశన్న చేతిలో పెట్టినాడు.

ఎండాకాలంలో సుధన్వ మా గదిలోనే శ్లోకాలు రికార్డు చేసుకొని, బండెక్కి ఊరికి పోతూ దోవలో లారీ కింద పడి చనిపోయినాడు. పెన్‌డ్రైవ్ జేబులో దొరికిందట. అప్పటినుంచి రోజూ దీపాలు పెట్టే వేళకి గుడి మైకులో ఆ గొంతే. వాళ్ళమ్మ అంబుజాక్షమ్మ అది విన్నాకే ఇంత అన్నం నోట్లో పెట్టుకుంటుందట.

“నిన్నటినుంచి సగంలో ఆగిపోతాండాది. కమిటీవాళ్ళు వైరస్సు అంటాండారు. తీసి పారేసి యూట్యూబులోది వేసుకుందాం, అదీ దేవుని పాటే కదా స్వామీ అంటాండారు. ఈపొద్దు దీపాల వేళ లోపల సరిచేయకుంటే…”

తడి పైపంచెతో మొహం తుడుచుకున్నాడు.

నందీశన్న స్కాన్ పెట్టినాడు. స్క్రీన్ మీద పసుప్పచ్చ హెచ్చరిక.

“వైరస్ అయ్యింటే బాగుండు స్వామీ, చంపేది నాకు బాగా వచ్చు. వైరస్ అయితే ఎర్రగా వస్తాది. ఇది పసుపు. ఫైలు చెడిపోయుండాది, తెరవలేక చూడకుండా వదిలేసినా అంటాంది. అంతే.”

“అంటే లోపల ఏమీ లేదా నాయనా?”

“లేదని కాదు. ఏముండాదో దానికి తెలీలేదని.”

ఆ మాట నా చెవిలో పడింది. లోపల ఎక్కడా తగల్లేదు. ఎండాకాలం నుంచి నాకేదీ తగలడం లేదు. అన్నం తింటాను, బస్సెక్కుతాను, నవ్వమంటే నవ్వుతాను.

“రిపేరు పెట్టు భానూ. స్వామికి కాఫీ తెస్తా” అని నందీశన్న గొడుగు తీసుకొని పోయినాడు.

మళ్ళీ స్కాన్ చేసినాను. మళ్ళీ పసుపు. ఫైలు సైజు ఇందాకటి కంటే పెరిగింది. ఇంకోసారి చేసినాను. ఇంకా పెరిగింది. చెడిన ఫైలు పెరగడం నేనెక్కడా చూడలేదు.

అప్పుడే కరెంటు పోయింది. కంప్యూటరూ స్పీకర్లూ మాత్రం యూపీఎస్ మీద నడుస్తున్నాయి. టీక్… టీక్… అంటోంది అది. తడి సిమెంటు వాసనలో ఎక్కడినుంచో కర్పూరం వాసన.

“స్వామీ, నా పేరు మీకెవరు చెప్పినారు?” గుసగుసగా అడిగినాను.

ఆయన తల వంచుకున్నాడు. “మైకులో వినబడిందమ్మా. శ్లోకం ఆగినాక.”

మౌసు మీంచి చెయ్యి తీసేసినాను.

నా పేరున్న ఆ ముక్కని రికార్డులోంచి నేనే కోసేసినాను. ఆరోజు సుధన్వ శ్లోకం మధ్యలో ఆపి, అద్దం ఇవతల ఉన్న నన్ను చూసి ఒక మాట అడిగినాడు. మల్బరీ ఆకుల మీద వాన పడినట్లుండేది ఆయన గొంతు. వాళ్ళు గుడివాళ్ళు. మేము మండికల్‌లో సేద్యం చేసేవాళ్ళం. మా నాయన మొహం గుర్తొచ్చి, తల వంచుకొని కీబోర్డు తుడుస్తా కూర్చున్నాను. ఆయన చిన్నగా నవ్వి మిగతాది చదివి వెళ్ళిపోయినాడు. ఆ మాట కట్ చేసి, ఉత్త శ్లోకాలే పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చినాను.

ప్లే నొక్కినాను.

శ్లోకం… శ్లోకం… ఆగింది.

“భానూ… నేనంటే నీకిష్టమేనా? చెప్పవా?”

తర్వాత నిశ్శబ్దం. కాదు… వాన. రికార్డు చేసిన రోజు మండే ఎండ. స్పీకర్లో మాత్రం వాన కురుస్తోంది. ఆ వానలో టీక్… టీక్…

బెంచీ మీద స్వామి దగ్గినాడు.

ఒక్క క్షణం ఆగి, స్పీకర్లో అదే దగ్గు.

ఫైలు చెడిపోలేదు. ఇంకా అయిపోలేదు. నా జవాబు కోసం ఎదురుచూస్తోంది… అందుకే పెరుగుతోంది.

పెన్‌డ్రైవ్ పీకేసినాను. అరచేతిలో జ్వరమొచ్చిన ఒళ్ళులా వెచ్చగా ఉంది. స్క్రీన్ మీద శబ్దం గీత ఆగలేదు. కదులుతూనే ఉంది.

అద్దం అవతల చీకటి గదిలో మైకు ఎర్రలైటు వెలిగింది. ఆ గదికి యూపీఎస్ లేదు.

“చెప్పవా?”

ఈసారి స్పీకర్లోంచి రాలేదు.

“చెప్పమ్మా” స్వామి కూడా గుసగుసలాడినాడు, నా వైపు చూడకుండా. “దీపాల వేళ అవుతాండాది. వాళ్ళమ్మ ఆకలితో ఉండాది.”

నా నోరు నాది కాదనిపించింది. అయినా తెరిచినాను.

“ఇష్టమే… ఆపొద్దే ఇష్టం. మీరు ఎక్కడికి పిలిస్తే… అక్కడికి వస్తా.”