ఖాళీ చోటు ఖర్చు

ఉదయం ఎనిమిదీ ఇరవైకి, ఫ్యాక్టరీ గేటు ముందు, నంబరు ప్లేటు లేని లారీ ఒకటి డిజైన్ ఇంజనీరును గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. వారం తిరక్కుండానే అతని తమ్ముడు గూఢచారి శాఖ చీఫ్ ఎదుట కూర్చున్నాడు. డిపార్ట్‌మెంటులో ఆ తమ్ముడి పేరు కందిరీగ. అతన్ని చిన్నోడా అని పిలిచే ఒక్క మనిషీ పోయాడు.

"యాక్సిడెంట్ కాదు. విదేశీ ముఠా పని," అన్నాడు చీఫ్. "మీ అన్నయ్య గీసిన డ్యామ్ గేట్ల కంట్రోల్ బోర్డులో వాళ్ళ మైక్రోకంట్రోలర్ చిప్ కూర్చుంది. ఇవాళ పన్నెండింటికి గేట్లన్నీ ఒక్కసారే ఎత్తేస్తుంది. కింద ఊళ్ళున్నాయి."

"బోర్డు ఆపేస్తే?"

"గేట్లు బిగుసుకుపోతాయి. పైనుంచి వరద. కట్ట తెగుతుంది. చిప్ చావాలి, బోర్డు బతకాలి."

"అన్నయ్య ఆ చిప్‌కి ఎలా ఒప్పుకున్నాడు?"

"ఒప్పుకోలేదు. సగం ధర కదా, మీటింగులో అందరూ అటే."

చీఫ్ ఒక కాగితం తోశాడు. అన్నయ్య దస్తూరీ. 'చిప్ ధర ఒక్కటే ఖర్చు కాదు. కాళ్ళు లేని చిప్ చవకే, కానీ అతుకులన్నీ పొట్ట కింద. చూడాలంటే ఎక్స్‌రే, విప్పాలంటే వేడిగాలి మెషీన్. కాళ్ళున్నదానికి డబ్బెక్కువ. అయినా పాడైతే డ్యామ్ మీది మెకానిక్ చేతి సోల్డరింగ్ ఐరన్‌తో మార్చుకుంటాడు.' అట్టడుగున ఒక ముక్క: 'ఖాళీ చోటుకు ఖర్చు సున్నా.'

దాని అర్థం ఎవరికీ అంతుపట్టలేదు. కానీ లెక్కలో అన్నయ్య జన్మలో తప్పినవాడు కాడు.

పదకొండూ నలభైకి కందిరీగ లిఫ్ట్ మెకానిక్ వేషంలో డ్యామ్ కంట్రోల్ రూములో ఉన్నాడు. జేబులో పెన్ను ఆకారపు సోల్డరింగ్ ఐరన్. తలుపు దగ్గర నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, పట్టు స్కార్ఫ్‌తో, ముఠాలో ఉంటూ చీఫ్‌కు పనిచేసే డబుల్ ఏజెంట్.

"కాళ్ళున్నాయా?" అన్నాడు, కోడ్ ప్రకారం.

"ఉన్నాయి. నిలబడే ఓపికే లేదు."

ఆ గొంతు అతనికి తెలుసు. ఆమె అద్దాలు తీసింది. ఫ్యాక్టరీలో పర్చేజ్ మేనేజర్. అన్నయ్య భార్య.

"వదినా, మీరా?"

"చవక చిప్ కొనిపిస్తే కమీషన్ అన్నారు, తీసుకున్నాను. చిప్ లోపలి దొంగ ప్రోగ్రాం మీ అన్నయ్య కనిపెట్టాడు. ఆ మాట వాళ్ళకి చేరింది నా నోటి నుంచే. లారీ వస్తుందని అనుకోలేదు. మర్నాడే మీ చీఫ్ కాళ్ళ మీద పడ్డాను. తొందరగా కానివ్వు, ముఠా మనిషిని టీకి పంపాను."

తిట్టాలో ఏడవాలో అతనికి తెలియలేదు. రెంటికీ తర్వాత తీరిక దొరుకుతుందని బోర్డు మూత తీశాడు.

కాళ్ళు లేని చిప్. ఐరన్ మొన పెట్టే సందైనా లేదు. పన్నెండుకు నాలుగు నిమిషాలు. అప్పుడు కనిపించింది, పక్కనే వెండి గీతల చతురస్రం. ముప్పై రెండు కాళ్ళకు చోటు ఉంది, చిప్ లేదు. మీటింగులో ఓడిన మనిషి చప్పుడు చేయకుండా బోర్డు మీద రెండో చిప్‌కు పీట వేసి ఉంచాడు! మధ్యలో నువ్వుగింజంత లింకు. కరెంటు ఏ చిప్‌కు వెళ్ళాలో చెబుతూ దాని పక్కన అటు, ఇటు అని రెండు మాటలు.

"కాళ్ళున్న చిప్ ఎక్కడ?"

ఆమె లిప్‌స్టిక్ గొట్టం విప్పి అడుగు నుంచి చిప్ తీసింది. "పోయే ముందు రోజు నా చేతిలో పెట్టాడు. ప్రోగ్రాం ఎక్కించానని, జాగ్రత్తగా దాచమని. నన్ను నమ్మాడు."

పన్నెండుకు రెండు సెకన్లుండగా లింకు పీకేశాడు. ముఠా చిప్ చచ్చింది. బోర్డూ మూగబోయింది. కిటికీలోంచి చూస్తే కొలబద్ద మీద నీరు ప్రమాదపు ఎర్ర గీత వైపు పాకుతోంది.

కాళ్ళున్న చిప్‌ను ఖాళీ చతురస్రం మీద పెట్టాడు. చిన్నప్పుడు రేడియో బాగుచేస్తూ అన్నయ్య చెప్పాడు: "ఎదురెదురు మూలలు ముందు అతికించు చిన్నోడా, మిగతావి వాటంతటవే దారికొస్తాయి." వచ్చాయి. కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఆగలేదు. నీరు గీతకు వేలెడు దూరంలో ఉండగా లింకును 'ఇటు' అతికించాడు. రెండు గేట్లు, కావలసినంతే, బుద్ధిగా లేచాయి.

టీ తాగి వచ్చిన ముఠా మనిషిని గుమ్మంలోనే చీఫ్ మనుషులు పట్టుకున్నారు. వదిన ఎవరూ అడక్కుండానే చేతులు చాపి బేడీలు వేయించుకుంది. వెళ్తూ ఇంటి తాళం అతని చేతిలో పెట్టింది.

సాయంత్రం తలుపు తీశాడు. భోజనాల బల్ల దగ్గర మూడు కుర్చీలు. తనదాంట్లో కూర్చుని మిగతా రెండింటి వైపు చూశాడు.

ఖాళీ చోటుకు ఖర్చు సున్నా అని రాశాడు అన్నయ్య. ఆ ఒక్క లెక్కే తప్పాడు.